లవంగం వంటింటికి, లవంగ నూనె పంటికి

"మా బాబుకి రెండేళ్ళు. అస్తమానం జలుబే. లవంగ నూనెలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువట కదా, రోజూ రెండు చుక్కలు పాలలో కలిపి పట్టవచ్చా డాక్టరుగారూ?" అని ఒక సోదరి రాశారు.

పట్టకండమ్మా. ఒక్క చుక్క కూడా వద్దు.

లవంగం తింటే లేని ప్రమాదం దాని నూనెలో ఎందుకుందో తెలియాలంటే, ఆ నూనె ఎలా తీస్తారో తెలియాలి. లవంగాలను నీటి ఆవిరికి గురిచేస్తే, వాటిలోని పరిమళ తైలం ఆవిరితోబాటు పైకి లేస్తుంది. దాన్ని గొట్టంగుండా పంపి చల్లబరుస్తారు. అన్నం గిన్నె మూతకు నీటి చుక్కలు పట్టినట్టే ఆవిరి మళ్ళీ నీరవుతుంది, నూనె విడిపోతుంది. ఏలకుల నూనె, వాము నూనె నీటిమీద తేలుతాయి. లవంగ నూనె నీటికంటే బరువు, అడుగుకు దిగుతుంది. నూరు గ్రాముల మంచి లవంగాలకు పదిహేను గ్రాములు, ఆ పైన నూనె వస్తుంది. అంటే మందుల షాపులో కొనే 5 మిల్లీలీటర్ల బుల్లి సీసాలో సుమారు 30 గ్రాముల లవంగాల సారం ఉందన్నమాట. మనం నలుగురికి పులావు వండినా వేసేది ఐదారు లవంగాలే!

ఈ నూనెలో చాలా భాగం, నూటికి 70 నుంచి 90 పాళ్ళు, యూజెనాల్ అనే పదార్థం. పంటిపోటుకు తిమ్మిరి కలిగించేది ఇదే. పళ్ళ డాక్టర్లు దీన్ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి పిప్పిపన్నును తాత్కాలికంగా పూడుస్తారు. యాంటీ ఆక్సిడెంట్ గుణమూ దీనిదే. నూనెలు, కొవ్వులు గాలి తగిలి చెడిపోకుండా ఇది అడ్డుపడుతుంది. ప్రయోగశాలలో ఆ గుణం స్పష్టంగా కనిపిస్తుంది, కాదనను. అయితే పరీక్షనాళికలో జరిగిందల్లా ఒంట్లో జరగదు. ఫిన్లండ్‌లో పొగతాగే మగవారు 29 వేలమందిని పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. వారిలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. అదీ పేరుమోసిన యాంటీ ఆక్సిడెంటే.

ఇక మోతాదు సంగతి. ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం యూజెనాల్‌కు ఒక హద్దు పెట్టింది. రోజుకు శరీర బరువులో కిలోకి 2.5 మిల్లీగ్రాములు. పన్నెండు కిలోల బిడ్డకు 30 మిల్లీగ్రాములు. మీరు పాలలో వేయబోయే రెండు చుక్కలు ఆ హద్దును దాటేస్తాయి. ఇక పిల్లవాడు ఆటలో సీసా ఎత్తి తాగితే చెప్పనక్కరలేదు. 5, 10 మిల్లీలీటర్లు మింగిన పసిపిల్లలు స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం, కాలేయం దెబ్బతినడం వైద్య గ్రంథాలకెక్కాయి. అలా జరిగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ఉపద్రవం. సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, లేదా 108కి ఫోన్ చేయండి. బిడ్డ హుషారుగా ఉన్నాడని ఆగవద్దు, కాలేయం దెబ్బ కొన్ని గంటల తర్వాతగాని బయటపడదు.

పెద్దవాళ్ళు పంటిపోటుకు వాడుకోవచ్చా? వాడుకోవచ్చు. ఒక చుక్కను నాలుగైదు చుక్కల కొబ్బరినూనెలో కలిపి, దూదితో పిప్పి మీద మాత్రమే అద్దండి. చిగుళ్ళకు తగిలితే పుండు పడుతుంది. పళ్ళొచ్చే పసివాళ్ళ చిగుళ్ళకు రాయనే రాయకండి. ఇది ఒక రాత్రి గడవడానికే. నెలల తరబడి నూనె అద్దుకుంటూ పోతే లోపల చీము పట్టవచ్చు. పోటు తనంతట తానే ఆగిపోయిందని సంతోషించేవారూ ఉన్నారు. పంటిలోని నరం చచ్చినా పోటు ఆగుతుంది! దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.

బాబు జలుబు సంగతి అడిగారు కదా. రెండేళ్ళ పిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం వింత కాదు. బరువు సరిగా పెరుగుతూ, ఆడుకుంటూ ఉంటే కంగారు పడకండి. ఎగశ్వాస కనిపించినా, పాలు తాగడం మానేసినా మాత్రం దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.