‘గివ్ అప్’ : మానుటయా, మాన్పించుటయా?

తెలుగు పంతులుకు ఇంగ్లీషు క్రియతో పనియేమని ఆంగ్లశాఖ మిత్రులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. అయినను ఈ యేడు నా బల్లమీదికి వచ్చిన ఒక దరఖాస్తు నన్ను ఆ పొలిమేర దాటించినది. తరగతిలో చక్కగా చదివే ఒక విద్యార్థిని టి.సి. కోరుతూ ఇంగ్లీషులో ఒకే వాక్యం వ్రాసినది. కుటుంబ పరిస్థితులవల్ల తాను చదువు మానివేస్తున్నానని దాని భావం. అందులోని క్రియ ‘గివ్ అప్’. వ్యాకరణం నిర్దుష్టం. కాని ఆ పనికి నిజమైన కర్త ఆ అమ్మాయేనా?

మన విద్యార్థులు ‘గివ్ అప్’కు పర్యాయపదాలు గడగడ అప్పజెప్పగలరు: అబాండన్, సరెండర్, రినౌన్స్, క్విట్. పరీక్షకు అంత చాలును. అయితే అవి ఒకదాని పీటమీద మరొకటి కూర్చుండే పదాలు కావు. సిగరెట్టు మానుకొన్నవాడు, లెక్క తేలక చేతులెత్తివేసినవాడు, బస్సులో ముసలమ్మకు తన చోటిచ్చి లేచినవాడు, పోలీసులకు లొంగిపోయినవాడు – నలుగురి పనికీ ఇంగ్లీషువారు ఈ మాటనే వాడుదురు. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు సింహాసనం వదలుకొన్న సంగతిని చెప్పడానికీ ఇదే చాలును. తెలుగులో ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట కావలెను.

ఇందులోని ‘అప్’కు ‘పైకి’ అని అర్థం చెప్పి పిల్లలను తికమకపెట్టడం నాకు నచ్చదు. ఇక్కడ అది దిక్కును తెలుపదు; పని పూర్తియగుటను తెలుపును. ‘ఈట్ అప్’ అనగా తినివేయుట, ‘టేర్ అప్’ అనగా చింపివేయుట. మన ‘వేయు’ చేసే చాకిరీనే అక్కడ ‘అప్’ చేస్తున్నది. మన శ్రీకాకుళం పిల్లవాడు ‘మానీసినాను’ అన్నప్పుడు ఆ ‘ఈసి’లో ‘అప్’ మొత్తం ఇమిడియున్నది. ఆ పలుకుబడిని మోటని తోసివేయక, అక్కడినుండే పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయునికి సగం శ్రమ తగ్గును. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను సవరల నోటనే నేర్చి, 1931లో దానికి వ్యాకరణ గ్రంథం వెలువరించిరి. నోటిమాటకు వ్యాకరణమున్నదనడానికి మనకు పొరుగూరి సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఈ పోలిక కొంతవరకే సాగును. ‘కొను’ చేరి ‘మానుకొన్నది’ అయితే అది ఇష్టపూర్వకమని తెలియును. ‘ఇంచు’ చేరి ‘మాన్పించిరి’ అయితే తెరవెనుకనున్న మరొక మనిషి బయటపడును. ఉర్దూలో ఇది ఇంకను స్పష్టం. ‘పఢాయీ ఛూట్ గయీ’ అంటే చదువు దానంతటది చేజారినది. ‘ఛోడ్ దీ’ అంటే తానే విడిచినది. ‘ఛుడా దీ’ అంటే ఇతరులు విడిపించిరి. ధాతువు ఒక్కటే, బాధ్యులు వేరు. ఇంగ్లీషుకు ఈ భేదం చేతకాదని నేననను. ‘వాజ్ మేడ్ టు గివ్ అప్’ అనవచ్చును. అనడం మనమే నేర్పలేదు.

ఇంతమాత్రానికి ఏమి మునిగినదని అడుగుదురేమో. మన ఎచ్చెర్ల మండలపు సముద్రతీర గ్రామాలనుండి మత్స్యకారులు గుజరాతులోని వేరావల్‌కు వేటపనికి వలసపోతూ ఉంటారు. ఇల్లు గడవక తండ్రి వెంట అక్కడ పడవెక్కిన కుర్రవాని చదువు ‘ఛూట్ గయీ’. సంబంధం కుదిరినదని ఇంట నిలిపివేసిన ఆడపిల్ల చదువు ‘ఛుడా దీ’. సినిమాలకు తిరిగి విసిగి తానే మానినవానిది ‘ఛోడ్ దీ’ (ఇట్టివారు నా ఎరుకలో బహు కొద్దిమంది). మువ్వురినీ ‘డ్రాపవుట్’ అనే ఒకే గంపలో వేసి, హాజరుపట్టీలో ఎర్రసిరాతో గీత గీస్తాము. మొదటివానికి ఉచిత వసతి, భోజనం దొరికితే నిలిచేవాడేమో. రెండవ అమ్మాయి ఇంటికి పెద్దమనిషి ఒకరు వెళ్లి మాట్లాడవలసియుండెను. మూడవవానికి నాలుగు చీవాట్లు చాలును. గీత గీసిన చేతికి ఈ తేడా ఎట్లు తెలియును?

కనుక ఆంగ్లశాఖవారికి నా మనవి: ఈ క్రియను పర్యాయపదాల పట్టికతో గాక, ఈ మూడు వాక్యాలతో నేర్పండి. కార్యాలయంవారికి ఇంకొక మనవి: టి.సి. దరఖాస్తులో కారణాన్ని తెలుగులోనో ఉర్దూలోనో, విద్యార్థి తన సొంత మాటలలో వ్రాయనివ్వండి. ఇంగ్లీషు తర్వాత చూసుకొందము.

ఆ విద్యార్థినిని పిలిచి, ‘ఇదే మాట ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పమ్మా’ అన్నాను. కొంతసేపు నేలచూపులు చూసినది. ‘పఢాయీ ఛుడా రహే హైఁ, సర్’ అన్నది. అట్లే వ్రాసి తీసుకురమ్మన్నాను. క్రింద తండ్రి సంతకం ఉండవలెను గదా అన్నది. కాగితం మడిచి సంచిలో పెట్టుకొని వెళ్లినది. ఇది వ్రాసే నాటికి ఆ దరఖాస్తు కార్యాలయానికి చేరలేదు. ఆ అమ్మాయి తరగతికీ రాలేదు.