గుండెజబ్బుంటే కడుపే వద్దా?

గుండెజబ్బున్న పిల్లకు పెళ్లెందుకు, అయినా పిల్లలెందుకు? నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, చదువుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఈ మాట వినబడుతుంది. పెద్దల అనుభవమనుకుంటారు గానీ, 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు మిషెల్ పీటర్ కూడా ఇదే అన్నాడు: పెళ్లీ వద్దు, కడుపూ వద్దు, చనుబాలివ్వడమూ వద్దని. అప్పటికి గుండెను చూసే ఎకో పరీక్ష లేదు, వాల్వు ఆపరేషన్ లేదు, పెన్సిలిన్ కూడా లేదు. ఆయన అన్నాడంటే అర్థముంది.

కొన్ని జబ్బుల్లో కడుపు వద్దన్న మాట ఇప్పటికీ నిజమే. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగినవాళ్లకు, మైట్రల్ వాల్వు మరీ ఇరుకైనవాళ్లకు గర్భం వద్దనే డాక్టర్లు చెబుతారు. అయితే గుండెలోని మామూలు రంధ్రాన్ని చిన్నప్పుడే మూయించుకున్నావిడకు ముప్పు దాదాపు తక్కిన గర్భిణులతో సమానం. ఇరుకైన వాల్వునైనా ముందే బెలూన్‌తో వెడల్పు చేయించుకుంటే లెక్క మారుతుంది. తప్పనిసరైతే కడుపుతో ఉండగానే చేస్తారు. అందరినీ ఒకే గాటన కట్టడమే తప్పు.

ఆ తప్పుకు ఫలితం దాపరికం. సంబంధం తప్పిపోతుందని వాల్వు సంగతి చెప్పరు. వాల్వును దెబ్బతీసే కీళ్లవాత జ్వరం వచ్చినవాళ్లు మూడు నాలుగు వారాలకోసారి వేయించుకోవాల్సిన పెన్సిలిన్ సూది పెళ్లితో ఆగిపోతుంది, అత్తింట్లో ఎందుకని అడుగుతారు కదా! లోహపు వాల్వున్నావిడ బిడ్డకు చేటని భయపడి, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మాత్రను ఎవరికీ చెప్పకుండా మానేస్తే వాల్వు మీదే రక్తం గడ్డకడుతుంది. తొలి నెలల్లో వార్ఫరిన్ బిడ్డకు హాని చేయగలదు, నిజమే. అందుకే మోతాదు చూసి, అవసరమైతే హెపారిన్ సూదికి మారుస్తారు. అసలు విషయం తెలియని డాక్టరు ఏం మారుస్తాడు?

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, దాంతో గుండెకూ పని పెరుగుతుంది. మెట్లెక్కితే కాస్త ఆయాసం మామూలే. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం మామూలు కాదు.

కాన్పయితే గండం గడిచిందనేది ఇంకో భ్రమ. గర్భసంచి ముడుచుకోగానే అందులోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. తర్వాతి ఒకటి రెండు రోజులు గుండెకు మరీ గడ్డుకాలం. అప్పుడు ఇంటికి తొందరపడకూడదు.

నాయుడుపేటవాళ్లకు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి గుండె విభాగం ఉంది, ప్రసూతి వైద్యులూ ఉన్నారు. కడుపు నిలవకముందే అమ్మాయిని తీసుకెళ్లి ఎకో తీయించండి. పిల్లలు కావాలో వద్దో ఆ రిపోర్టు చూసి డాక్టరుతో మాట్లాడి ఆ దంపతులు తేల్చుకుంటారు, చుట్టాలూ ఇరుగుపొరుగూ కాదు.