ఏ టేబుల్ మీద కొట్టావు, ముందది చెప్పు

పూల్ పిల్లల ఆట, స్నూకర్ మొనగాళ్ల ఆట అని మా అనకాపల్లి పార్లర్లలో ఒక మాట పాతుకుపోయింది. పగలు బెల్లం మార్కెట్లో లెక్కలు రాసుకుని, రాత్రి దొరికిన గంటలో రెండు ఆటలూ ఆడేవాణ్ణి నేను. నన్నడిగితే ఆ మాట సగమే నిజం. కష్టం ఆట పేరులో కన్నా టేబుల్లోనే ఎక్కువ.

పూర్తి సైజు స్నూకర్ టేబుల్ పొడవు 12 అడుగులు. పోటీల పూల్ టేబుల్ 9 అడుగులు, పార్లర్లలో 8, 7 అడుగులవీ ఉంటాయి. ఒక్క డిగ్రీ దారి తప్పిన బంతి నాలుగడుగులు పోయేసరికి ముప్పావు అంగుళం పైనే పక్కకి జరుగుతుంది. ఎనిమిదడుగులు పోతే అంగుళమున్నర దాటేస్తుంది.

పాకెట్ దగ్గరే అసలు తిరకాసు. పూల్ బంతి రెండుంపావు అంగుళాలు, మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాల పైమాటే. అంటే రెండు బంతులు పక్కపక్కన పట్టేస్తాయి. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పాకెట్ మూడున్నర అంగుళాలే, అంచులేమో గుండ్రం. కుషన్ వెంట జోరుగా వచ్చిన ఎర్ర బంతి ఆ అంచుకి తగిలిందా, అటూ ఇటూ కొట్టుకుని బయటికొచ్చి మన మొహం చూస్తుంది. పూల్ టేబుల్ మీద అదే దెబ్బ చాలాసార్లు పడిపోతుంది. ఇక స్నూకర్ గుడ్డకి నూగుంటుంది. నూగుకి ఎదురుగా మధ్య పాకెట్‌కి మెల్లగా వేసిన బంతి చివరి అరడుగులో వాలిపోతుంది. వానాకాలం చెమ్మకి గుడ్డ బరువెక్కితే అసలు అక్కడిదాకా పోదు.

అలాగని పూల్‌ని తీసిపారేయకండి. చిన్న టేబుల్ మీద పెద్ద బంతులు పదిహేను గుంపుకడితే తెల్ల బంతికి దారే ఉండదు. నైన్ బాల్‌లో అన్నిటికన్నా చిన్న నంబరు బంతినే ముందు తాకాలి. ఒక్కటి వదిలామంటే అవతలివాడు టేబులంతా ఊడ్చేస్తాడు. ఆరుసార్లు ప్రపంచ స్నూకర్ ఛాంపియన్ స్టీవ్ డేవిస్ యూరప్ తరఫున మోస్కోని కప్‌లో ఏళ్ల తరబడి పూల్ ఆడాడు. చైనా హేబాల్ సంగతి చూడండి: 9 అడుగుల టేబుల్, పూల్ బంతులు, పాకెట్లు మాత్రం స్నూకర్ మాదిరివి. ఆడేది ఎయిట్ బాలే, కానీ బంతి పడాలంటే తాతలు దిగొస్తారు.

స్నూకర్ పుట్టింది 1875లో మన జబల్పూర్‌లోనే, దొరల సైనిక మెస్‌లో. అయినా పార్లర్‌కి వెళ్తే కుర్రాడు చెడిపోతాడని మా వీధిలో ఇప్పటికీ అంటారు. అది వేరే గొడవ.

నా గొడవల్లా ఇది. బెల్లం దిమ్మె కాటా మీదికెక్కకుండా ఎవరూ బేరం ఖాయం చేయరు. టేబుల్ కొలత అడగకుండా స్కోరు మాత్రం ఒప్పేసుకుంటాం. చిన్న టేబుల్ మీద యాభై కొట్టినవాడు విశాఖ వెళ్లి పన్నెండడుగుల టేబుల్ ముందు బిక్కచచ్చిపోతున్నాడంటే తప్పు వాడిది కాదు, ముందే చెప్పని మనది. పార్లర్ యజమానులూ, టోర్నమెంట్ పోస్టర్ మీద ప్రైజ్ మనీ అంత పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు కదా, దాని కింద టేబుల్ పొడవు, పాకెట్ వెడల్పు కూడా వేయండి.