చిన్నకార్లలో ప్రాణరక్షణ

అయ్యా,

చౌకకార్ల ప్రకటనలలో తెర, పాట, చల్లదనము గూర్చి చెప్పినంతగా ప్రాణరక్షణ గూర్చి చెప్పుట లేదు. కొనువారును మైలేజీ అడిగి ఊరకుందురు.

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు ఐదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టించి చూడగా, ఎయిర్‌బ్యాగులు లేని ఆ కార్లలో ఒక్కదానికైనను పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రము రాలేదు. తరువాత నిబంధనలు బిగిసినవి. 2019లో ఏ.బి.ఎస్. బ్రేకులు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినవి. 2022 నాటికి ప్రక్కసీటు ఎయిర్‌బ్యాగును చేర్చిరి. కాని ఈ బ్యాగులు ముందువారికే. 2022లో ప్రతిపాదించిన ఆరు ఎయిర్‌బ్యాగుల నిబంధనను 2023లో విరమించిరి. ఆ ఏడాదే వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష సైతము ఐచ్ఛికముగనే ఆరంభమైనది.

పెండ్లికో తద్దినమునకో సరిహద్దు దాటి దూరప్రయాణము చేయు మనవంటి కుటుంబములలో వెనుకసీటున కూర్చుండువారు అవ్వలు, పిల్లలు. వెనుకవారు బెల్టు కట్టుకొనకున్న 1000 రూపాయల జుల్మానా చట్టములో ఉన్నది. కట్టువారెందరు? 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీ మరణించినది ఖరీదైన కారులోనే. వెనుకసీటున బెల్టు లేకుండ.

కావున అతిచౌక రకమునకును పూర్తి రక్షణలు ఉండునట్లు ప్రభుత్వము నిర్బంధింపవలెను. కొనువారు నక్షత్రములెన్నో అడిగిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను. తెర లేకున్నను ప్రయాణము సాగును గదా!

హోసూరు
భవదీయుడు,
ఒక పాఠకుడు