నాలుగు రోజుల దేశం, నాలుగు తరాల మనుషులు

సులైబియా అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది కూరగాయల మార్కెట్. టమాటా పెట్టెలు, ఉల్లిపాయ బస్తాలు దించే చోట కడప యాస, కోనసీమ యాస రెండూ వినిపిస్తాయి. ఆ దగ్గర్లో పికప్ బండి మీద పుచ్చకాయలు అమ్మే ఒక పెద్దాయనతో నాకు చాలా ఏళ్ళ పరిచయం. దిష్దాషా, గుత్రా, మాట అన్నీ అచ్చం కువైటీలవే. కువైటీ అయ్యుండి ఈ ఎండలో బండి మీద అమ్ముకోవడమేమిటని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడు. "సదీక్, నీకు బతాకా ఉంది, పాస్‌పోర్టు ఉంది. నాకు ఇదొక్కటే ఉంది" అన్నాడు. ఆ కార్డు లెక్కలో ఆయన అక్రమ నివాసి. పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాన్న పనిచేసింది కువైట్ సైన్యంలో!

వీళ్ళని బిదూన్లు అంటారు. అరబిక్‌లో 'బిదూన్' అంటే 'లేకుండా' అని అర్థం, అంటే జాతీయత లేనివాళ్ళు. 1959 పౌరసత్వ చట్టం ప్రకారం 1920కి ముందు నుంచి కువైట్‌లో స్థిరపడి ఉన్నవాళ్ళ కుటుంబాలే అసలు కువైటీలు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు తోలుకుంటూ తిరిగేవాళ్ళ దగ్గర రుజువులేం ఉంటాయి? చదువు రాక కొందరు, దాని అవసరం తెలియక కొందరు పేర్లు నమోదు చేయించుకోలేదు. బయటి దేశాల నుంచి వచ్చి, అసలు కాగితాలు దాచేసినవాళ్ళూ వీళ్ళలో ఉన్నారన్నది ప్రభుత్వ వాదన. ఏదేమైనా 1980ల మధ్య వరకు వీళ్ళు సైన్యంలో, పోలీసు శాఖలో పెద్ద సంఖ్యలో ఉండేవారు. సులైబియాలో, తైమాలో ప్రభుత్వం కట్టించిన చిన్న చిన్న ఇళ్ళలోనే కాపురాలు పెట్టారు.

ఇంతకీ దేశమంటే కాగితమా, మనుషులా? ఈ ప్రశ్నకి జవాబు కువైట్ చరిత్రలోనే ఉంది. ఇదే నేల మీద ఒకసారి కాగితం మీద ఒక దేశాన్ని పుట్టించారు!

1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి వచ్చాయి. 4న 'స్వేచ్ఛా కువైట్ ప్రభుత్వం' ఏర్పడిందని ప్రకటించారు. దేశానికి 'రిపబ్లిక్ ఆఫ్ కువైట్' అని పేరు పెట్టి, అలా హుసేన్ అలీ అనే సైనికాధికారిని ప్రధానిగా కూర్చోబెట్టారు. 8వ తేదీకల్లా ఆ దేశాన్ని ఇరాక్‌లో కలిపేశారు. నాలుగు రోజుల దేశమన్నమాట! నెలాఖరుకి కువైట్ ఇరాక్ 19వ రాష్ట్రమైంది. రాజధాని పేరు కాజిమా అని మార్చారు. కార్లకి కొత్త నంబరు ప్లేట్లు, మనుషులకి ఇరాకీ గుర్తింపు కార్డులు అన్నారు. కువైట్ దినార్‌ని రద్దు చేశారు. దాచుకున్న దినార్లు చిత్తుకాగితాలైతే ఎలా ఉంటుందో ఆనాడు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరిన మన పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు.

పేరు, ప్రధాని, కార్డులు అన్నీ ఉన్నా ఆ దేశం నిలబడలేదు. కారణం, దాన్ని మాదని అనుకున్న మనుషులు లేరు. పేరున్న నాయకులెవరూ, చివరికి ప్రతిపక్షం వాళ్ళు కూడా అందులో చేరలేదు. సామాన్యులు వీధుల బోర్డులు, ఇళ్ళ నంబర్లు పీకేసి ఇరాకీ సైనికులకి దారి తెలియకుండా చేశారు. అక్టోబరులో జెడ్డాలో కువైటీలు సమావేశమై, రాజకుటుంబానికి, 1962 రాజ్యాంగానికి కట్టుబడి ఉన్నామని చెప్పారు. నవంబరు 28న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 677వ తీర్మానం చేసింది. ఆగస్టు 1 వరకు ఉన్న కువైట్ జనాభా పట్టిక ప్రతిని ఐరాస భద్రపరచాలన్నది దాని సారాంశం. నేల శత్రువు చేతిలో ఉన్నా, దేశం ఆ పేర్లలో బతికింది.

ఆ పట్టికలో కువైటీల వరుసలో పేరు లేనివాళ్ళే మన సులైబియా బిదూన్లు. యుద్ధంలో వాళ్ళూ పోరాడారు, చనిపోయారు, ఖైదీలయ్యారు. కొందరు ఇరాకీల ఒత్తిడికి లొంగి వాళ్ళ దళాల్లో చేరారు. 1991లో విముక్తి వచ్చాక అనుమానం మాత్రం అందరి మీదా పడింది. ఉద్యోగాలు పోయాయి. రెండు లక్షలకు పైగా ఉన్నవాళ్ళు సగానికి తగ్గారు. 2011లో ఇక్కడి వీధుల్లోనే ఊరేగింపులు చేశారు. 2014లో ప్రభుత్వాధికారి ఒకరు వీళ్ళకి కొమొరోస్ దీవుల పౌరసత్వం ఇప్పిస్తామన్నారు. ఎక్కడి కొమొరోస్, ఎక్కడి సులైబియా! ఆ దేశంలో పాస్‌పోర్టుల అమ్మకమే పెద్ద కుంభకోణమై, మాజీ అధ్యక్షుడు సాంబీకి 2022లో యావజ్జీవ శిక్ష పడింది. నాలుగు రోజుల రిపబ్లిక్ కువైటీలకి ఎంత సొంతమో, కొమొరోస్ వీళ్ళకి అంతే సొంతం.

కువైట్ భయం కూడా మనం అర్థం చేసుకోవాలి. పౌరులకంటే పరాయివాళ్ళే ఎక్కువున్న చిన్న దేశం. ఒకసారి పక్కవాడు మింగేసిన దేశం. పేర్ల పట్టిక మీద అంత పట్టుదల అందుకే. 2024 నుంచి పదుల వేలమంది పౌరసత్వం రద్దు చేయడం కూడా ఆ పట్టుదలే. కాని కార్డులిచ్చినంత మాత్రాన ఇరాక్ ఎవరినీ ఇరాకీలుగా మార్చలేకపోయింది. కార్డు ఇవ్వనంత మాత్రాన నాలుగు తరాలవాళ్ళు పరాయివాళ్ళవుతారా?

మనవాళ్ళు ఖల్లివల్లి అయితే ఎన్ని అవస్థలు పడతారో మనకు తెలుసు. అయినా 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కారు. రాయచోటిలోనో రాజోలులోనో తలుపు తీసేవాళ్ళున్నారు.

ఆ మాటే పెద్దాయనతో అన్నాను. "నాకూ క్షమాభిక్ష ఇస్తే విమానం ఎక్కి ఎక్కడ దిగాలి సదీక్?" అని అడిగాడు. పుచ్చకాయ తూచి ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. "నువ్వు మా దేశానికి అతిథివి" అన్నాడు.