పొయ్యికి దూరమైన పేడ

భిలాయి ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల నుంచి వెలువడే వాయువును వీలైనంత వరకు వృథా పోనీయరు. దానిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా మళ్లించి, ఉక్కును కాల్చే కొలిములలోనే ఇంధనంగా వాడుకుంటారు. ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఆ నగరం పొలిమేర దాటితే దృశ్యం మారిపోతుంది. పల్లె పెరళ్లలో పిడకలు ఎండుతుంటాయి. పిడకను పొయ్యిలో పెడితే పొలానికి చేరవలసిన నత్రజని పొగగా పోతుంది. ఆ పొగ వంట చేసే ఇల్లాలి కళ్లనూ ఊపిరితిత్తులనూ పట్టుకుంటుంది. అదే పేడను గోబర్ గ్యాస్ తొట్టిలో వేస్తే మంటా దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కాదు. కిలో పచ్చి పేడ నుంచి సుమారు 40 లీటర్ల వాయువు వస్తుంది. నాలుగైదు పశువులున్న ఇంట రోజుకు 50 కిలోల పేడను అంతే నీటితో కలిపి వేస్తే రెండు ఘనపు మీటర్ల వాయువు లభించి, చిన్న కుటుంబానికి రెండు పూటలా వంట గడచిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 1981-82లో జాతీయ పథకంగా చేపట్టిన నాటి నుంచి దేశంలో సుమారు 50 లక్షల ప్లాంట్లు కట్టించామని లెక్కలు చెబుతున్నాయి. కట్టినవెన్ని అన్న ప్రశ్నకు జవాబున్నది. నేడు వెలుగుతున్న పొయ్యిలెన్ని అన్నదే అసలు ప్రశ్న. తొలినాళ్ల ఖాదీ కమిషన్ నమూనాకు ఉక్కు డ్రమ్ము కావలసి వచ్చేది. అది ఖరీదైనది, పైగా తుప్పు పట్టేది. ఉక్కు నగరం పక్కనున్న పల్లెకు సైతం ఉక్కు భారమే! 1984లో వచ్చిన దీనబంధు నమూనా ఇటుక గుమ్మటంతో ఆ బాధ తప్పించింది. కానీ గుమ్మటంలో వెంట్రుకవాసి పగులు వచ్చినా వాయువు జారిపోతుంది. దానిని పట్టుకోగల తాపీమేస్త్రీ ఊళ్లో లేకపోతే తొట్టి కాస్తా పెంటగుంట అవుతుంది. నిర్మాణ సంస్థకు ఇచ్చే రుసుములో ఐదేళ్ల నిర్వహణ బాధ్యత చేరి ఉన్నది. బాగా కట్టిన గుమ్మటం ఇరవై ఏళ్లు నిలుస్తుంది. మిగతా పదిహేనేళ్లకు పూచీ ఎవరిది?

పేడకు ధర కట్టిన ఘనత ఛత్తీస్‌గఢ్‌దే. భూపేశ్ బఘేల్ ప్రభుత్వం 2020 జూలై 20న, హరేలీ పండుగ నాడు, గోధన్ న్యాయ్ యోజన ప్రారంభించి కిలో రెండు రూపాయల చొప్పున పేడ కొన్నది. గౌఠాన్లలో మహిళా సంఘాలు దానిని వర్మీ కంపోస్టుగా మార్చి కిలో పది రూపాయలకు అమ్మాయి. 2021 అక్టోబర్‌లో దుర్గ్ జిల్లా సికోలా వంటి చోట్ల పేడతో విద్యుత్తు తయారీ కూడా మొదలయింది. పేద పశుపోషకుల చేతికి నగదు అందించిన ఆ పథకాన్ని తేలికగా కొట్టివేయరాదు.

అయితే ఒక చిన్న లెక్క చూడవలసి ఉంది. పాతిక కిలోల పేడ అమ్మితే ఇంటికి 50 రూపాయలు. అదే పేడ నుంచి వచ్చే ఒక ఘనపు మీటరు వాయువు సుమారు 430 గ్రాముల వంటగ్యాస్‌కు సమానం, 14.2 కిలోల సిలిండర్ ధర 900 రూపాయలనుకుంటే దాని విలువ 27 రూపాయలు. ఈ తేడా చూసిన రైతు పేడను బండికెక్కించడమే తెలివైన పని అనుకుంటే అతనిని తప్పు పట్టలేము. తొట్టి నుంచి బయటికి వచ్చే స్లర్రీకి ఎవరూ వెల కట్టకపోవడమే లోపం. నత్రజని చాలావరకు అందులోనే మిగిలి ఉంటుంది. వర్మీ కంపోస్టును కొన్నట్లే దానినీ కొని ఉంటే, ఇంటి పొయ్యి వెలిగి, పైకమూ చేతికి వచ్చేది.

2023 డిసెంబర్‌లో రాయ్‌పూర్‌లో ప్రభుత్వం మారింది. దృష్టి ఇప్పుడు భారీ ప్లాంట్లపై ఉన్నది. కేంద్రం 2018లో ప్రారంభించిన గోబర్ధన్, సతత్ కార్యక్రమాలు పేడ నుంచీ, చెత్త నుంచీ వాహనాలకు పనికివచ్చే వాయువును తీయించడానికి ఉద్దేశించినవి. నగరపు చెత్తతో ఆ పని చేస్తే ఆక్షేపించవలసినది లేదు. పల్లె పేడను లారీల్లో తరలిస్తే మాత్రం పాత కథే పునరావృతమవుతుంది. 2016లో వచ్చిన ఉజ్వలతో సిలిండర్ పొందిన పేద ఇల్లాలు దానిని మళ్లీ నింపించలేక పిడకల వైపు చూసిన సందర్భాలు తక్కువేమీ కావు. ఆ పిడకకు సైతం కరువు వస్తుంది. భారీ ప్లాంటుకు ఒప్పందం రాసుకునే ముందే, నాలుగు పశువులున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల ఎన్ని, వాటిలో తొట్టికి పేడా నీళ్లూ రెండూ ఉన్నవి ఎన్ని, మూలపడిన గుమ్మటాలు ఎన్ని అన్న లెక్క పంచాయతీల వారీగా తీయాలి. వాటిని బాగుచేయగల ఇద్దరు మేస్త్రీలనైనా ప్రతి బ్లాకులో తయారుచేసి, వారి కూలిని పథకం ఖర్చులోనే చూపించాలి.