యుటిల్స్ అనబడు అటక

మా ప్రాజెక్టులో ఒక ఫైలుంది. పేరు యుటిల్స్. వయసు ఆరేళ్ళు, పొడవు నాలుగు వేల లైన్ల పైచిలుకు. తేదీల ఫార్మాట్లు, ఎస్సెమ్మెస్‌లు పంపడం, పిన్‌కోడ్ చెకింగు, ఎప్పుడో వదిలిపోయిన క్లయింటు తాలూకు లోగో సైజు.. అన్నీ అందులోనే. మన ఇళ్ళల్లో అటక ఉంటుంది చూశారూ, అచ్చం అదే. ఎక్కడ పెట్టాలో తెలియనిదల్లా పైకి విసిరెయ్యడమే, దింపే నాథుడుండడు.

నవ్వుకోడానికి రాయట్లేదండీ. దీని పుణ్యమా అని మొన్న ఒకమ్మాయి అప్రైజల్ దెబ్బతింది.

తను మా టీములో చేరి నాలుగు నెలలు. ఇన్‌వాయిస్‌లో పన్ను తప్పొస్తోందని టికెట్ వచ్చింది. 2017 నాటి జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, పన్నులో 50 పైసలూ ఆపైన ఉంటే రూపాయికి పెంచాలి, తక్కువైతే వదిలెయ్యాలి. మా కోడు ఎంతున్నా పైసలు కోసేస్తోంది. తను వెతుక్కుంటూ వెళ్ళి యుటిల్స్‌లో ఉన్న రౌండింగ్ ఫంక్షన్ని సరిచేసింది. అదీ ఎంత జాగ్రత్తగా! పైథాన్ 3లో రౌండ్‌కి 2.5 ఇస్తే 3 రాదు, 2 వస్తుంది. అది తెలిసి, డెసిమల్ మాడ్యూల్ వాడి, టెస్టులు కూడా రాసింది. నేనైతే అంత చూసుకునేవాణ్ణి కాదు.

కానీ అదే ఫంక్షన్ డెలివరీ ఏజెంట్ల కమీషన్ లెక్కలోనూ ఉంది. అక్కడ పైసలు కొయ్యాలనేది ఒప్పందం. తొమ్మిది రోజులు ప్రతి చెల్లింపులోనూ తేడా వచ్చాక గానీ ఎవరూ కనిపెట్టలేదు. గిట్ బ్లేమ్‌లో తన పేరుంది. "మార్చేముందు ఎక్కడెక్కడ వాడారో చూసుకోవద్దా?" అన్నారు మీటింగులో. చూసింది మహాప్రభో! వందకి పైగా చోట్ల ఇంపోర్ట్ అయి ఉంది. అందులో ఏది పన్నో, ఏది కమీషనో, ఏది ఊరికే స్క్రీన్ మీద చూపించే అంకెో నాలుగు నెలల మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆ ఫంక్షన్ అక్కడ పెట్టింది నేను, ఐదేళ్ళ క్రితం. ఆ మాట మీటింగులో చెప్పాను కూడా. "అది వేరే విషయం" అన్నారు. కాదండీ, అదే అసలు విషయం.

డేవిడ్ పార్నాస్ 1972లోనే ఒక పేపర్ రాశాడు. ప్రోగ్రాముని పని జరిగే వరస ప్రకారం ముక్కలు చెయ్యకండి, రేపు మారబోయే నిర్ణయాలేవో చూసి ఒక్కోదాన్నీ ఒక్కో మాడ్యూల్‌లో దాచండి అని దాని సారం. పన్ను రౌండింగ్ పార్లమెంటు చేతిలో ఉన్న నిర్ణయం. కమీషన్ రౌండింగ్ మా సేల్స్ వాళ్ళ చేతిలో ఉన్నది. ఈ రెండూ ఒకే నాలుగు లైన్లలా కనబడ్డంత మాత్రాన ఒకటైపోతాయా? కోడు రెండుసార్లు రాయకూడదని కాలేజీలో బట్టీ పట్టించారు గానీ, కవలపిల్లలు కదా అని ఇద్దరికీ ఒకే హాల్ టికెట్ ఇవ్వరు కదా!

2005లో బయటికొచ్చిన జాంగోని చూడండి. ప్రాజెక్టుని యాప్‌లుగా విడగొట్టుకోమని స్టార్ట్‌యాప్ అనే కమాండే ఉంది. మనవాళ్ళేం చేస్తారు? 'కోర్' అని ఒకే యాప్ పెట్టి, అందులో మోడల్స్ అన్నీ ఒక ఫోల్డరూ, వ్యూస్ అన్నీ ఇంకో ఫోల్డరూ చేస్తారు. వంటింట్లో మూతలన్నీ ఒక అరలో, డబ్బాలన్నీ ఇంకో అరలో సర్దినట్టు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కారం డబ్బా కావాలంటేనే ఇల్లంతా తిరగాలి. బిల్లింగ్‌కి ఒక యాప్, కమీషన్లకి ఒక యాప్, ఎవరి రౌండింగ్ వాళ్ళ దగ్గర ఉంటే ఆ అమ్మాయి మార్పు బిల్లింగ్ గడప దాటేది కాదు. (రెండొందల లైన్ల ఫ్లాస్క్ ప్రోగ్రాముకి ఇవేవీ అక్కర్లేదు, హాయిగా ఒక ఫైల్లో రాసుకోండి.)

సర్క్యులర్ ఇంపోర్ట్ సంగతీ ఇంతే. రెండు మాడ్యూల్స్ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయని పైథాన్ మొత్తుకుంటుంటే, ఇంపోర్ట్‌ని ఫంక్షన్ లోపలికి తోసి హమ్మయ్య అనుకుంటాం. జ్వరం తగ్గలేదని థర్మామీటర్ దాచినట్టు! ఎవరు ఎవర్ని ఇంపోర్ట్ చెయ్యొచ్చో నియమాలు రాసిస్తే, దాటినవాళ్ళ బిల్డ్ ఆపడానికి ఇంపోర్ట్ లింటర్ అనే ఉచిత పనిముట్టు ఉంది. మా దగ్గర పెట్టమని అడిగి ఏడాదైంది.

ఇంత జరిగాక మా పెద్దలు తేల్చిందేమిటంటే.. మైక్రోసర్వీసులు! అన్ని సర్వీసులూ వాడుకునేందుకు 'కామన్' అని ఒక లైబ్రరీ ఉంటుందట. అందులో ఏముంటుందో ఊహించగలరా? అదే యుటిల్స్. అటక అలాగే ఉంటుంది, కాకపోతే ఎక్కడానికి నెట్‌వర్క్ మీదుగా వెళ్ళాలి.

నిన్న నేనే ఆ ఫంక్షన్ని రెండుగా విడగొట్టి, ఒకటి బిల్లింగ్‌లో, ఒకటి కమీషన్లలో పెట్టి రివ్యూకి పంపాను. పొద్దున్నే మొదటి వ్యాఖ్య వచ్చింది: "రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి కదా, యుటిల్స్‌లో పెట్టెయ్యొచ్చుగా?"